పాత బండి హెడ్ నట్లకు ఏ టార్క్ రెంచ్? నా ఓటు ముల్లు రకానికే

కొట్లో టార్క్ రెంచ్ (నట్టుని ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచే పానా) అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది అరంగుళం డ్రైవ్ (సాకెట్ తగిలించే చదరపు మొన) ఉన్న, పెట్టిన అంకె రాగానే టక్ మనే క్లిక్ రకం, 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల స్కేలుది. కారు చక్రాల నట్లకు అది బాగా సరిపోతుంది. పాత మోటార్‌సైకిల్ ఇంజిన్ హెడ్ నట్లకు, అంటే సిలిండర్ మీది మూతని పట్టి ఉంచే నట్లకు మాత్రం కొనకండి. పెట్టె మీద ఎంత గొప్ప పేరున్నా, లోపల ఎంత అందమైన సర్టిఫికెట్ ఉన్నా సరే, కొనకండి.

కారణం లెక్కలోనే ఉంది. క్లిక్ రెంచ్‌ను దాని గరిష్ఠ స్కేలులో అయిదో వంతు కన్నా కింద నమ్మకూడదు. 210 రెంచ్‌కి ఆ అయిదో వంతు 42 అవుతుంది. పాత బండ్ల హెడ్ నట్లలో ఎక్కువ భాగం ఆ 42కి లోపలే బిగుస్తాయి. 8 మిల్లీమీటర్ల స్టడ్డు (తల లేని మరల కడ్డీ) అల్యూమినియంలో దిగి ఉంటే సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు. బీఎండబ్ల్యూ పాత ఎయిర్‌కూల్డ్ బాక్సర్ (సిలిండర్లు రెండు పక్కలా ఉండే) ఇంజిన్లకు 35. బ్రిటిష్ బండి నార్టన్ కమాండోకి 3/8 అంగుళం నట్లు, బోల్టులు 30 పౌండ్ అడుగులు, అంటే సుమారు 41 న్యూటన్ మీటర్లు. అదే హెడ్‌కున్న 5/16 బోల్టులు 20 పౌండ్ అడుగులు, అంటే 27. ఆ పెద్ద రెంచ్‌తో 22కి బిగించాలంటే స్కేలు మీద ఆ అంకే ఉండదు. అంకె లేని చోట అంచనాతో తిప్పితే, వట్టి పానాతో చేతి అంచనా మీద బిగించడానికీ దానికీ తేడా లేదు.

కాబట్టి ఇక్కడ పోల్చి చూస్తున్నది 3/8 అంగుళం డ్రైవ్ రెంచ్‌లను. ముల్లు రకం, క్లిక్ రకం, డిజిటల్ రకం, ఆ పైన ఖరీదైన జర్మన్ రెంచ్ ఒకటి. కొలత ఒక్కటే: నలభై యాభై ఏళ్ల నాటి అల్యూమినియంలో దిగిన స్టడ్డు మీద, 20 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య, ఏది నిజం చెబుతుంది? ఏది ముందే హెచ్చరిస్తుంది?

ముల్లు రకం

దీన్నే బీమ్ టైప్ అంటారు. ఒక ఉక్కు కడ్డీ, దాని పక్కనే తల దగ్గర మాత్రమే అతుక్కున్న సన్నని ముల్లు, పిడి దగ్గర ఒక స్కేలు పలక. పిడిని లాగితే కడ్డీ వంగుతుంది, ముల్లు వంగదు. కడ్డీ ఎంత వంగిందో ముల్లు చూపిస్తుంది. స్ప్రింగు, పళ్లచక్రం, బ్యాటరీ ఏవీ ఉండవు. పని అయ్యాక సున్నాకి తిప్పి పెట్టాల్సిన అవసరం లేదు. కింద పడి ముల్లు వంగినా, దాన్ని చేత్తో నెమ్మదిగా సున్నా గీత మీదికి సరిచేస్తే మళ్లీ పనికొస్తుంది. ధర కూడా అన్నిటికన్నా తక్కువే.

దీనికి మొదటి స్థానం ఇవ్వడానికి చవకదనం కారణం కాదు. ఇది బిగింపు మొత్తాన్ని మొదటి నుంచీ చివరి దాకా చూపిస్తుంది. క్లిక్ రెంచ్ ఒకే ఒక్క మాట చెబుతుంది: అనుకున్న అంకె వచ్చింది అని. అంతకుముందు ఏం జరిగిందో చెప్పదు. అసలు ఆ అంకె రాకపోతే మౌనంగా ఉంటుంది. పాత ఇంజిన్లో కొంప ముంచేది ఆ మౌనమే.

దగ్గరగా చూడండి. 24 దాకా వెళ్లాల్సిన నట్టు. ముల్లు 10 దాటింది, 14 దాటింది, 17, 18. అక్కడిదాకా పిడి ఎంత కదిలితే ముల్లు అంత కదిలింది. 18 దగ్గర పిడి కదులుతోంది, నట్టు తిరుగుతోంది, ముల్లు మాత్రం కదలడం లేదు. ఇంకాస్త లాగితే 17కి దిగింది కూడా. చేతికి వెన్నలో తిప్పుతున్నట్టు మెత్తగా తగులుతుంది. అంటే లోపల అల్యూమినియం మరలు లాక్కొస్తున్నాయి, లేదా స్టడ్డే సాగిపోతోంది. అక్కడే ఆపేయాలి. ఆపి, నట్టు విప్పి, హెడ్ దించి, స్టడ్డు బయటికి తీస్తే దాని మరల మధ్య వెండి రంగు తీగ చుట్టినట్టు అల్యూమినియం ఇరుక్కుని కనిపిస్తుంది. అదే పనిని క్లిక్ రెంచ్‌తో చేసేవాళ్లు ‘టక్’ అనే శబ్దం కోసం ఎదురుచూస్తూ తిప్పుతూనే ఉంటారు. అది రాదు. స్టడ్డు మాత్రం చేతిలోకి వచ్చేస్తుంది.

బీఎండబ్ల్యూ బాక్సర్‌లో ఈ ముప్పు మరీ ఎక్కువ. క్రాంక్‌కేసులో (ఇంజిన్ నడిమి పెట్టెలో) దిగిన పొడవాటి స్టడ్లు సిలిండర్‌ని, హెడ్‌ని, రాకర్ దిమ్మెలను కలిపి పట్టుకుంటాయి. 35 దగ్గర ఆగాల్సినవాటిని ‘ఇంకొంచెం’ అంటూ లాగితే మరలు ఊడేది క్రాంక్‌కేసులో. అక్కడ ఇన్సర్టు (చెడిన మరల చోట వేసే కొత్త మరల తొడుగు) వేయించాలంటే సిలిండర్ దాకా విప్పక తప్పదు.

ముల్లు రకానికి లోపాలూ ఉన్నాయి. కన్ను స్కేలుకి సరిగ్గా నిలువుగా ఉండాలి. పక్క నుంచి చూస్తే 22 కాస్తా 24లా కనిపిస్తుంది. ఇంజిన్ ఫ్రేములో ఉండగా, ట్యాంకు కింద తల దూర్చి చదవడం కుదరదు. ట్యాంకు తీయాల్సిందే. మంచి వెలుతురు కావాలి. బల్ల మీద వైసుకో స్టాండుకో బిగించిన ఇంజిన్ మీద ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఫ్రేములో కాస్త ఇబ్బంది పెడుతుంది. పిడిని మధ్యలో పట్టుకోవాలి. కొన్నిటికి పిడి ఒక పిన్ను మీద ఊగుతుంది. లాగేటప్పుడు అది రెండు పక్కలా దేనికీ ఆనకుండా తేలుతూ ఉండాలి. ఆనిందంటే బలం పడే చోటు మారినట్టే, అంకె తప్పినట్టే. పిడికి పైపు తొడిగి పొడవు పెంచడం అసలు వద్దు.

కొనేటప్పుడు స్కేలు చూడండి. 0 నుంచి 150 పౌండ్ అడుగుల అరంగుళం ముల్లు రెంచ్ మన పనికి రాదు. గీతలు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి, 18కీ 20కీ తేడా కంటికి అందదు. గరిష్ఠం 60 నుంచి 100 న్యూటన్ మీటర్ల లోపు ఉండి, గీతలు ఎడంగా ఉన్న 3/8 డ్రైవ్ దొరికేదాకా వెతకండి. వెతకడానికి కాస్త ఓపిక కావాలి, ఎందుకంటే ప్రతి కొట్టూ ముందు పెట్టేది క్లిక్ రకాన్నే.

క్లిక్ రకం, 10 నుంచి 60

రెండో స్థానం దీనిది. నట్లు ఎక్కువగా ఉన్న ఇంజిన్ మీద, ఫ్రేములోనే పని చేయాల్సి వచ్చినప్పుడు, స్కేలు కనిపించని మూలల్లో ఇది ముల్లు రకం కన్నా హాయి. అంకె పెట్టుకుని చెవి అప్పగిస్తే చాలు. కానీ వాడే పద్ధతి తెలియాలి. తెలియకుండా వాడితే దీని ఖచ్చితత్వం కాగితం మీదే మిగిలిపోతుంది.

అంకె ఎప్పుడూ కింది నుంచి పైకి పెట్టాలి. 30 నుంచి 22కి రావాలంటే 22 దాటి 18 దాకా దించి, తిరిగి 22కి ఎక్కించాలి. లోపలి స్ప్రింగు, మర మధ్య ఉండే కాస్త ఆట అప్పుడు ఒకే వైపు ఉంటుంది. మొదటి ‘టక్’ దగ్గర చేయి ఆగాలి. నిర్ధారణ కోసం రెండోసారి, మూడోసారి టక్ టక్ అనిపించడం చాలామందికి అలవాటు. ప్రతిసారీ నట్టు మరికాస్త తిరుగుతుంది. ఇరవైల్లో ఆ చప్పుడు చాలా మెల్లగా ఉంటుంది. పక్కన కంప్రెసర్ నడుస్తుంటే వినపడదు, చేతికి తగిలే చిన్న కుదుపే గుర్తు. అది మొదటిసారి వాడేవాళ్లకు తెలియకుండానే దాటిపోతుంది. అందుకని హెడ్ మీదికి వెళ్లేముందు, వైసులో పట్టిన ఒక పాత బోల్టు మీద అదే అంకెతో నాలుగైదు సార్లు బిగించి ఆ కుదుపు చేతికి అలవాటు చేసుకోవాలి.

విప్పడానికి దీన్ని వాడకూడదు. పని అయ్యాక స్కేలులోని అతి తక్కువ అంకెకి దించి పెట్టాలి, దానికన్నా కిందికి మాత్రం వద్దు. 40 మీద నెలల తరబడి వదిలేస్తే స్ప్రింగు అలసిపోతుంది. ఎక్కువ రోజులు పక్కన పెట్టిన రెంచ్‌ని మధ్యస్థ అంకె మీద అయిదారు సార్లు క్లిక్ చేయించి తర్వాతే అసలు పనికి దించాలి, లోపలి గ్రీజు సర్దుకుంటుంది.

చేతి టార్క్ రెంచ్‌లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 6789. దాని ప్రకారం 10 న్యూటన్ మీటర్లు దాటిన క్లిక్ రెంచ్‌కి తేడా అటూ ఇటూ 4 శాతం దాటకూడదు, 10 అంతకన్నా తక్కువ రెంచ్‌లకు 6 శాతం. తయారీదారు వేరేగా చెప్పకపోతే 12 నెలలకో 5000 క్లిక్కులకో, ఏది ముందైతే అప్పుడు, మళ్లీ సరిచూపించుకోవాలి. ఇంట్లో ఏడాదికి రెండు ఇంజిన్లు విప్పేవాళ్లకు 5000 ఎప్పటికీ రావు, కాబట్టి ఏడాది లెక్కే చూసుకోండి.

డిజిటల్, జర్మన్

డిజిటల్ రకం గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. అంకె పెద్దగా కనిపిస్తుంది, యూనిట్లు బటన్ మీద మారతాయి, దగ్గరపడుతుంటే కూత పెడుతుంది. పాత ఇంజిన్లకు అవసరం లేని కోణం కొలత కూడా కొన్నిటిలో ఉంటుంది. లోపం బ్యాటరీ. ఆర్నెల్ల తర్వాత పెట్టె తెరిస్తే బ్యాటరీ కారి కాంటాక్టులు ఆకుపచ్చగా మారి ఉంటాయి. పని అయ్యాక బ్యాటరీ తీసి పెట్టే క్రమశిక్షణ ఉంటే కొనుక్కోవచ్చు. ముల్లులాగే ఇదీ అంకె ఎదుగుదలని చూపిస్తుంది, ఆ మేరకు క్లిక్ కన్నా మెరుగే.

డబ్బు పెట్టగలిగినవాళ్లకు స్టాల్‌విల్లె వారి మనోస్కోప్ 730 శ్రేణి. జర్మనీలోని వుప్పర్టాల్ కంపెనీ. లోపల నొక్కుకుపోయిన స్ప్రింగు బదులు వంగే కడ్డీ ఉంటుంది. దాని మీద భారం పడేది బిగించేటప్పుడే, కాబట్టి పని అయ్యాక సున్నాకి తేవాల్సిన అవసరం లేదు. తల మార్చుకోవచ్చు. సాకెట్ తల తీసి రింగు తలో, నోరు తెరిచిన పానా తలో పెట్టుకోవచ్చు. నార్టన్ కమాండో హెడ్‌కి కింది నుంచి, రెక్కల మధ్య దూరి బిగించాల్సిన నట్లున్నాయి. మామూలు సాకెట్ అక్కడికి చేరదు. అలాంటి చోట ఈ తలల విలువ తెలుస్తుంది. ఏడాదికి ఒక్క ఇంజిన్ చేసేవాళ్లకు ఇది ఎక్కువ ఖర్చు. షాపు నడిపేవాళ్లకు దండగ కాదు.

తలకు అదనపు పొడవు చేరినప్పుడు లెక్క మారుతుంది, ఇది ఏ రెంచ్‌కైనా వర్తిస్తుంది. డ్రైవ్ మధ్య నుంచి పిడి మధ్యకి 300 మిల్లీమీటర్లు, ముందు తగిలించిన కాకికాలు పానా (డ్రైవ్ మొనకి తగిలించే, నోరు తెరిచిన పానా తల) వల్ల ఇంకో 30 కలిస్తే, 40 న్యూటన్ మీటర్లు కావాలంటే రెంచ్ మీద పెట్టాల్సింది 40ని 300తో గుణించి 330తో భాగిస్తే వచ్చే 36.4. అదే కాకికాలుని రెంచ్‌కి లంబంగా, పక్కకి తిప్పి పెడితే ఈ లెక్క అవసరం లేదు, 40కి 40. సాకెట్‌కి నిలువుగా వేసే ఎక్స్‌టెన్షన్ కడ్డీ వల్ల కూడా అంకె మారదు. వంగే జాయింటు మాత్రం హెడ్ నట్ల దగ్గరికి రానివ్వకండి.

రెంచ్ కొలిచేది బిగింపుని కాదు

ఎంత మంచి రెంచ్ కొన్నా అది కొలిచేది తిప్పడానికి పట్టిన బలం. గాస్కెట్‌ని (హెడ్, సిలిండర్ మధ్య ఉండే పలుచని పొరని) అదిమి పట్టేది స్టడ్డులో పుట్టిన లాగుడు. ఈ రెండింటి మధ్య రాపిడి ఉంది. తిప్పిన బలంలో చాలా భాగం, దాదాపు పది పాళ్లలో తొమ్మిది, నట్టు కింద, మరల మధ్య రాపిడికే పోతుంది. అందుకే ఒకే అంకె రెండు బండ్ల మీద రెండు రకాలుగా పనిచేస్తుంది.

లెక్క వేసి చూడండి. 8 మిల్లీమీటర్ల స్టడ్డు, 22 న్యూటన్ మీటర్లు. మరలు పొడిగా, శుభ్రంగా ఉంటే రాపిడిని లెక్కలోకి తెచ్చే గుణకం (నట్ ఫ్యాక్టర్) సుమారు 0.2 అనుకోవచ్చు. 22ని 0.2తో, 0.008 మీటర్లతో భాగిస్తే లాగుడు 13,750 న్యూటన్లు. అవే మరలకు నూనె రాస్తే గుణకం 0.15 దాకా దిగుతుంది, లాగుడు 18,300కి చేరుతుంది. అంకె మారలేదు, బిగింపు మాత్రం మూడో వంతు పెరిగింది. కాబట్టి మాన్యువల్ పొడి మరలకు చెప్పిందా, నూనె రాసిన మరలకు చెప్పిందా చూసుకోవాలి. నూనె రాయమంటే రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్, మరల మీద, నట్టు కింది ముఖం మీద. రాయమనకపోతే బ్రేక్ క్లీనర్‌తో కడిగి పొడిగా బిగించాలి. రాగి పేస్టు, గ్రాఫైట్ గ్రీజు లాంటివి ఇంకా జారుడు. మాన్యువల్ చెప్పని చోట వాటిని పూయకండి.

యూనిట్ల పొరపాటు దీనికి తోడైతే పని అయిపోయినట్టే. జపాన్ బండ్ల పాత మాన్యువల్లో కేజీ మీటర్లుంటాయి, ఇంగ్లాండు బండ్లకు పౌండ్ అడుగులు, కొత్త రెంచ్ మీద న్యూటన్ మీటర్లు. ఒక కేజీ మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు, ఒక పౌండ్ అడుగు అంటే 1.356. ఇప్పుడు 25 న్యూటన్ మీటర్లు కావాల్సిన చోట పౌండ్ అడుగుల స్కేలు మీద 25 పెట్టారనుకోండి. నట్టు మీద పడేది 34. పొడి మరలతోనే లాగుడు 21,200 న్యూటన్లు అవుతుంది. 8.8 గ్రేడు ఉక్కుతో చేసిన ఎం8 (8 మిల్లీమీటర్ల) స్టడ్డు శాశ్వతంగా సాగకుండా ఓర్చుకునే హద్దు సరిగ్గా అంతే. నూనె కూడా రాసి ఉంటే హద్దు దాటినట్టే. పాత అల్యూమినియం మరలు అంతదాకా ఆగవు, ముందే చేతులెత్తేస్తాయి. రెంచ్ మీద రెండు స్కేళ్లుంటే అక్కర్లేని దాని మీద నల్ల టేపు అతికించడం మంచి పని.

మరల శుభ్రం కూడా అంకెలో భాగమే. హెడ్ దించాక ప్రతి స్టడ్డు మీద, దాని నట్టుని చేత్తో మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడ తుప్పు గానీ, దెబ్బతిన్న మర గానీ ఉంది. అది రెంచ్‌కి బిగింపులా అబద్ధం చెబుతుంది. శుభ్రం చేయడానికి కోసే ట్యాపు వద్దు, అది లోహాన్ని తీసేస్తుంది. మర శుభ్రం చేసే చేజర్ ట్యాపు వాడాలి, లేదంటే పాత బోల్టుకి పొడుగునా రెండు గాళ్లు కోసి దాన్నే వాడుకోవచ్చు. అడుగు మూసుకున్న రంధ్రంలోకి బోల్టు దిగే చోట అడుగున నూనె, నీళ్లు నిలిచి ఉండకూడదు. ద్రవం నలగదు, పోవడానికి దారీ ఉండదు. బోల్టు దాని మీద కూర్చుంటుంది, రెంచ్ టక్ అంటుంది, గాస్కెట్ మాత్రం వదులుగా ఉంటుంది. ఇంకా లాగితే దిమ్మె పగులుతుంది. గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచి, అప్పుడే బోల్టు దించండి.

వాషర్ గట్టి ఉక్కుది, చదునుది కావాలి. మెత్తటి వాషర్ నట్టుతోపాటు గుంట పడుతూ, గీసుకుంటూ రాపిడి పెంచుతుంది. ఒక పక్క అంచు గుండ్రంగా ఉంటే ఆ పక్క నట్టు వైపుకి.

బ్రిటిష్ నట్లు, మన సాకెట్లు

ఇంగ్లాండులోని రెడ్డిచ్ నుంచి మద్రాసుకి వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్లలో పాతవాటికి బ్రిటిష్ మరలే ఉంటాయి. తర్వాతి కాలంలో మెట్రిక్ వచ్చింది. రెండూ కలిసిన బండ్లు మన దగ్గర బోలెడు తిరుగుతున్నాయి. 3/8 బీఎస్ఎఫ్ (పాత బ్రిటిష్ సన్న మర) నట్టుకి కావాల్సింది, పాత బ్రిటిష్ కొలతలోని 5/16 విట్‌వర్త్ సాకెట్. దాని నోరు 0.600 అంగుళం, అంటే 15.24 మిల్లీమీటర్లు. 15 ఎక్కదు, 16 వదులు. ఆ 16తోనే లాగితే నట్టు మూలలు గుండ్రమైపోతాయి, జారే ముందు సాకెట్ పక్కకి ఒరుగుతుంది, రెంచ్ చూపే అంకెకి అర్థం ఉండదు. ఆరు పలకల విట్‌వర్త్ సాకెట్లు రెండు, 1/4 కొలతది, 5/16 కొలతది, రెంచ్‌తోపాటే కొనుక్కోండి. పన్నెండు పలకలవి అరిగిన నట్టు మీద జారతాయి.

బిగించే వరస

మంచి రెంచ్ చేతిలో ఉన్నా ఒక్కో నట్టుని ఒక్క ఊపులో పూర్తిగా బిగిస్తే హెడ్ ఒక పక్కకి కూర్చుంటుంది. ముందు అన్నీ చేత్తో ఆనేదాకా. తర్వాత మూడు విడతలు: పూర్తి అంకెలో మూడో వంతు, మూడింట రెండు వంతులు, పూర్తిగా. బీఎండబ్ల్యూకి 15, 25, 35 అని వేసుకోవచ్చు, కమాండో 3/8 నట్లకు 10, 20, 30 పౌండ్ అడుగులు. ప్రతి విడతలోనూ ఎదురెదురుగా, అడ్డంగా, మాన్యువల్ బొమ్మలో ఇచ్చిన వరసలో. విప్పేటప్పుడు దానికి తిరగేసిన వరస, ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఒక్కోటి పావు చుట్టు చొప్పున.

చివరి విడతలో లాగుడు ఒకే వేగంతో, ఆగకుండా ఉండాలి. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెడితే, నిలిచిన నట్టుని కదిలించడానికి ఎక్కువ బలం కావాలి కాబట్టి నట్టు కదలకుండానే రెంచ్ టక్ అంటుంది. కిర్రుమని శబ్దం వచ్చినా అంతే. అలా జరిగితే పావు చుట్టు వదిలి, మళ్లీ ఒకే లాగుడులో అంకె దాకా తేవాలి. ముల్లు రెంచ్ మీద ఈ కిర్రు స్పష్టంగా కనిపిస్తుంది, ముల్లు వణుకుతూ దూకుతుంది.

రాగి గాస్కెట్ అయితే బిగించేముందు ఎర్రబారేదాకా కాల్చి చల్లార్చి మెత్తబరచాలి, పైన పేరుకున్న నల్ల పొరని తుడవాలి. ఒకసారి నలిగి గట్టిపడ్డ రాగి ఎంత టార్క్ ఇచ్చినా సర్దుకోదు. రాజ్‌దూత్ 350లాంటి రెండు సిలిండర్ల టూ స్ట్రోక్‌కి రెండు హెడ్లు విడివిడిగా ఉంటాయి. హెడ్, సిలిండర్ కలిసే చోట రెక్కల మధ్య నల్లటి జిడ్డు చారిక కనిపిస్తే అక్కడ ఒత్తిడి కారుతున్నట్టు. అప్పుడు ఇంకో రెండు న్యూటన్ మీటర్లు పెంచడం మందు కాదు. హెడ్ దించి, మందపాటి గాజు మీద 400 నంబరు ఎమరీ కాగితం పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్ది ముఖం చదును చేయాలి. చదును మీద స్కేలు నిలబెట్టి చూస్తే 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ ఆకు ఎక్కడా దూరకూడదు.

మొదటిసారి ఇంజిన్ బాగా వేడెక్కాక, రాత్రంతా చల్లారనిచ్చి, తెల్లారి మళ్లీ రెంచ్ పెట్టాలి. ఒక్కో నట్టుని విడిగా పావు చుట్టు వదిలి, అంకె దాకా తేవాలి, అన్నీ ఒక్కసారి వదలకూడదు. గాస్కెట్ నలిగి హెడ్ వెంట్రుకవాసి దిగుతుంది. అందుకని ఆ తర్వాత ట్యాపెట్లు (వాల్వుల దగ్గర వదిలే సందు) మళ్లీ చూడటం తప్పనిసరి. కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కి చల్లటి ఇంజిన్ మీద పుష్‌రాడ్ (వాల్వుని తెరిపించే పొడవాటి కడ్డీ) వేళ్లతో స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆట ఉండకూడదు. మళ్లీ బిగించాక ఆ పుష్‌రాడ్ తిరగనని మొరాయిస్తే హెడ్ ఎంత దిగిందో అదే సాక్ష్యం. అలాగే వదిలేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. కమాండోకి ఆ సందు ఇన్‌లెట్ వాల్వు దగ్గర 0.006 అంగుళం, ఎగ్జాస్ట్ దగ్గర 0.008.

కొన్నాక సరిచూడటం

కొత్తదైనా, సెకండ్ హ్యాండ్ అయినా ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. రెంచ్ డ్రైవ్‌ని వైసులో అడ్డంగా పట్టించి, పిడిని నేలకి సమాంతరంగా ఉంచండి. బక్కెట్లో నీళ్లు పోసి, బక్కెట్‌తో కలిపి సరిగ్గా 10 కిలోలు కిరాణా కొట్టు కాటా మీద తూచుకోండి. డ్రైవ్ మధ్య నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర తాడుతో వేలాడదీస్తే పడేది 3 కేజీ మీటర్లు, అంటే 29.4 న్యూటన్ మీటర్లు. క్లిక్ రెంచ్‌ని 29 మీద పెట్టి, బక్కెట్‌ని లోపలి నుంచి నెమ్మదిగా బయటికి జరపండి. 30 సెంటీమీటర్ల దగ్గర్లో టక్ అనాలి. రెంచ్ సొంత బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ముప్పాతిక కిలో రెంచ్, బరువు మధ్యబిందువు 15 సెంటీమీటర్ల దగ్గరుంటే, సుమారు ఒక న్యూటన్ మీటర్ కలుస్తుంది. అది కలుపుకుని చూసినా తేడా రెండు మూడు న్యూటన్ మీటర్లు దాటితే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న క్యాలిబ్రేషన్ ల్యాబుకి పంపండి. ముల్లు రెంచ్‌కి మాత్రం ఈ పరీక్ష పిడికి ఉన్న పిన్ను దగ్గరే చేయాలి. అక్కడి దూరం కొలిచి, దానితో 10 కిలోలను గుణించుకోవాలి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో పనిముట్ల కొట్లు వరసగా ఉంటాయి. కొట్లోనే రెంచ్ చేతికి తీసుకుని చూడండి. క్లిక్ రకమైతే పిడిని తిప్పే గొట్టం ఎక్కడా పట్టేయకుండా తిరగాలి, తాళం వేశాక ఒక్క గీత కూడా జరగకూడదు, సర్టిఫికెట్ మీది సీరియల్ నంబరు రెంచ్ మీద చెక్కిన నంబరుతో కలవాలి. ముల్లు రకమైతే ముల్లు సున్నా మీద నిలబడాలి, పలకకి రాసుకోకూడదు, పిడి పిన్ను మీద ఆడాలి. ఇంటికి తెచ్చాక ముల్లు రెంచ్‌ని డబ్బాలో మిగతా పానాల కింద పడేయకండి, గోడకి మేకు కొట్టి వేలాడదీయండి.